బండి ఱ

సీతాఫల్‌మండిల రైలు గేటుకు ఆనుకొని
జబీన్ మేడం టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంటుండె.
రాత్రి ఎనిమిదిన్నరకు ఆఖరి బ్యాచి లేచిపోయినంక
షటర్ సగం దించి
పదకొండు మందిమి లోపట కూసుంటుంటిమి,
మిషన్ల మీద కప్పిన రెగ్జిన్ గుడ్డల నడుమ.

ఏలీషా వస్తుండె, లాలాగూడ వర్క్‌షాపు నుంచి,
గోళ్ళల్ల ఇంకా గ్రీజు.
ఒళ్ళె, టైపు మిషన్ తీరు మీటలుండే బెంజో.
దానికొక మీట ఊడిపోతే
జబీన్ మేడమే పాత తెలుగు మిషన్ నుంచి
ఒకటి పీకి ఇచ్చింది. బండి ఱ.
"ఎట్లా ఎవ్వరూ కొట్టరు గదా, తీస్కపో" అన్నది.
అప్పటిసంది మంద్రంల ఒక స్వరం
ఆ అక్షరం కిందనే పలుకుతుండె.

తొంభై ఏడుల, ఒక వాన రాత్రి,
పోచమల్లు టేప్‌రికార్డరుల పట్టినం.
మూడో చరణంల గూడ్సు బండి వచ్చింది.
ఏలీషా ఆపిండు.
కండ్లు మూసుకొని, మీటల మీద వేళ్ళు అట్లనే పెట్టి,
నలభై రెండు డబ్బాలు పోయేదాక ఆగి
ఎక్కడ ఇడిచిండో అక్కడ్నే అందుకున్నడు.

ఆ క్యాసెట్టుకు కాపీలు పదిహేడు.
మాకు ఆ పాటంటే ఆ ఆగుడే.
కొత్తోడెవడన్న వస్తే వినిపించి, మొఖం చూస్తుంటిమి.
బండి పోయేటప్పుడు మాట్లాడినోన్ని
మళ్ళ పిలువకపోతుంటిమి.

గొప్పకు చెప్తలేను.
ఒకనాడు పాట అయినంక ఏలీషా
బిడ్డ ఫీజుకు ఎనిమిది వందలు తక్కువైనయన్నడు,
మెల్లగ, ఎవరి దిక్కు చూడకుంట.
మేం అప్పుడు
రెండో చరణంల పట్టింది కోమల గాంధారమా, శుద్ధమా అని
కొట్లాడుకుంటున్నం.
మార్తాండ్ జేబుల చెయ్యి పెట్టి
సిగరెట్టు తీసిండు.

ఎవరో సినిమా పిలగానికి
జుమ్మెరాత్ బజార్ల, రద్దీల, ఆ క్యాసెట్టు దొరికిందట.
నెల తిరక్కముందే పాట ఆటోలల్ల, బారాత్‌లల్ల,
ఉప్పల్ అవుతల ప్లాట్లు అమ్మే వ్యాను మైకుల.
బండిని కోసేసిన్రు.
ఆ జాగల డప్పులు పెట్టిన్రు.
పోచమల్లు మూడు దినాలు అన్నం సరిగ తినలే.
"అమ్ముడువోయిండు" అన్నడు మార్తాండ్.
నేను గూడ అన్న.
మౌలాలిల రెండర్రల ఇల్లు కొన్నడని,
వాన కారని ఇంట్ల ఆయన పండుకునుడు
అదే మొదలని
చానా రోజులకు తెలిసింది.

ఎల్బీ స్టేడియంల ప్రోగ్రాం. టికెట్టు పన్నెండు వందలు.
ఆయనే పంపుతడేమోనని ఆఖరి దినం దాక చూసి
కొనుక్కున్న.
మిగిలినోళ్ళం ఆరుగురం, తలొక గేటుల.
జబీన్ మేడం రాలే, మోకాళ్ళు.
తెర మీద ఏలీషా వేళ్ళు మా ఇంటి దర్వాజంత.
గోళ్ళు తెల్లగ.
మీటలన్నీ కొత్తయి, పలువరుసలెక్క ఒక్క తీరు.
ఎతికిన.
ఱ లేదు.

మూడో చరణం.
ఆపిండు.

డప్పులోళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.
ఈలలు, కేకలు, వేల ఫోన్ల లైట్లు.
నా పక్కన చిన్నపిల్ల,
చెంప మీద ఆయన పేరు రంగుతోటి రాసుకున్నది,
"మైకు పోయిందా అంకుల్?" అన్నది.

పాతికేండ్లు దాచుకున్న ముచ్చట
నోటిదాక వచ్చి గొంతుల అడ్డం తిరిగింది.
నేను డబ్బాలు లెక్కబెడుతున్న.
ఇరవై దాటినంక చెప్పిన,
"బండి పోతున్నది."

ఏం బండి అని అడగలే.
చూయింగం నమలుడు ఆపి
కండ్లు మూసుకున్నది.

ముప్పై ఆరుకాడ ఆయన మళ్ళ అందుకున్నడు.
తొందరపడ్డడో,
ఇన్నేండ్లు నేనే తప్పు లెక్కబెట్టిన్నో.